రెండు తలుపుల కారుకు మడత సీటు

తలుపులు రెండే ఉన్న కారులో ముందు సీటుకు రెండు పనులు. కూర్చున్న మనిషిని కదలకుండా మోయాలి. వెనక సీట్లోకి వెళ్లే మనిషి వచ్చినప్పుడు మాత్రం చెయ్యి తగలగానే మడుచుకుని దారి ఇవ్వాలి. గట్టిగా నిలబడాల్సిన వస్తువే సులువుగా తప్పుకోవాలి కూడా. పాత కారుకు కొత్త కాలపు మడత సీటు బిగించడం పైకి బోల్టులు విప్పి బిగించే పనిలా కనిపిస్తుంది గానీ, దగ్గర నిలబడి చూస్తే మేస్త్రి బుర్ర అంతా ఈ ఒక్క చిక్కు మీదే పనిచేస్తోందని తెలుస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లో నేను చూసిన బండి స్టాండర్డ్ హెరాల్డ్. మద్రాసు శివార్లలో వండలూరు దగ్గరున్న స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961లో మొదలుపెట్టి తయారుచేసిన కారు ఇది. దీని మూలం ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. రూపం దిద్దినవాడు ఇటలీకి చెందిన జొవాన్నీ మికెలొట్టి. 948 సీసీల చిన్న ఇంజను, పలచటి స్తంభాల మీద నిలిచిన పైకప్పు, రెక్కలతో సహా మొత్తం ముందుకు తెరుచుకునే బానెట్. ఆ రోజుల్లో మన రోడ్ల మీద తిరిగిన అంబాసిడర్‌కీ ఫియట్‌కీ నాలుగేసి తలుపులు ఉంటే, హెరాల్డ్‌కి రెండే. తర్వాత మద్రాసులోనే నాలుగు తలుపుల హెరాల్డ్ కూడా తయారైంది కానీ, చూడముచ్చటైనది మాత్రం మొదటిదే.

ఈ బండి కట్టుబడి గురించి ఒక మాట ముందే చెప్పుకోవాలి. అంబాసిడర్‌లో బాడీయే చాసిస్. హెరాల్డ్‌లో చాసిస్ వేరు, బాడీ వేరు. నడుమ దగ్గరదగ్గరగా సాగే రెండు ఉక్కు దూలాలు, వాటి నుంచి పక్కలకు చాచిన చేతులు, ఆ చేతుల మీద ముక్కలుగా తెచ్చి బోల్టులతో బిగించిన బాడీ. సీటు కాళ్లు ఆనేది చాసిస్ మీద కాదు, బాడీ అడుగున ఉన్న పలచటి రేకు మీద. గేరుబాక్సును కప్పే సొరంగం మూత ఇంకా బలహీనం. అది అట్టలాంటి సరుకుతో అచ్చుపోసినది, విప్పి తీసేయడానికి వీలుగా పెట్టినది. దాని మీద ఏ బరువూ వేయకూడదు. అందుచేత సీటు మార్చే ఆలోచన సీటు దగ్గర మొదలవ్వదు, కారు కింద మొదలవుతుంది. మేస్త్రి మొదట చేసిన పని తివాచీ ఎత్తి, కిందకు దూరి, సుత్తి పిడితో రేకును అంగుళం అంగుళం కొట్టి వినడం. గట్టి రేకు ఖణేలుమంటుంది. తుప్పు తిన్న రేకు మొద్దుగా పలుకుతుంది. అలా పలికినచోట సుద్దతో గీత పెట్టాడు. ఆ రేకు సంగతి తేలాకే సీటు మాట.

పాత సీటును చూస్తే దాని సరళత్వానికి ముచ్చటేస్తుంది. ఉక్కు గొట్టాన్ని వంచి చేసిన చట్రం, ముందు వైపు నేలకు రెండు కీళ్లు, వెనక వైపు ఊరికే ఆనుకున్న కాళ్లు. వెనక నుంచి పట్టి లేపితే సీటంతా కీళ్ల మీద ముందుకు బోర్లపడుతుంది. పాడవడానికి అందులో ఏమీ లేదు. లోపం కూడా అక్కడే ఉంది. వెనక కాళ్లను పట్టి ఉంచేది ఏదీ లేదు కాబట్టి, గట్టిగా బ్రేకు పడ్డప్పుడు సీటును ఆపేది దాని బరువూ, కూర్చున్న మనిషి బరువూ మాత్రమే. వెనక మనిషి వచ్చి గుద్దుకుంటే అదీ ఆపదు. అమెరికాలో 1968 జనవరిలో అమల్లోకి వచ్చిన 207వ వాహన భద్రతా ప్రమాణం మడిచే సీట్లకు దానంతటదే పడే లాకు ఉండాలని పట్టుబట్టింది. పాత హెరాల్డ్ ఆ కాలానికి ముందుది. తలను ఆపే హెడ్‌రెస్ట్ లేదు, వీపు వాలు మార్చుకునే వీలూ లేదు. నడుము నొప్పి ఉన్న యజమాని కొత్త సీటు కోరుకున్నాడంటే తప్పుపట్టలేం.

కొత్త సీటు పనితనమంతా ఒక గుండ్రటి బిళ్లలో దాగి ఉంటుంది. కుషన్‌నీ బ్యాక్‌రెస్ట్‌నీ కలిపేచోట, పక్కనున్న ప్లాస్టిక్ మూత తీస్తే కనిపిస్తుంది. రిక్లైనర్ అంటారు. అరచేతిలో ఇమిడిపోతుంది. దాని లోపల ఒకదానిలో ఒకటి కూర్చున్న రెండు ఉక్కు పళ్లేలు ఉంటాయి. ఒకటి కుషన్ చట్రానికి అతికి ఉంటుంది, రెండోది బ్యాక్‌రెస్ట్ చట్రానికి. ఒక పళ్లెం లోపలి అంచు చుట్టూ సన్నటి పళ్లు కోసి ఉంటాయి. రెండో పళ్లెంలో గాడి వెంట జారే చిన్న ఉక్కు ముక్కలు ఉంటాయి, వాటి అంచునా అవే పళ్లు. నడిమధ్యన ఒక క్యామ్. స్ప్రింగు ఆ క్యామ్‌ను ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతూ ఉంటుంది, ఆ తిప్పుడుకు ముక్కలు బయటికి జరిగి పళ్లలో పళ్లు కూర్చుంటాయి. లివరు లాగితే క్యామ్ వెనక్కి తిరుగుతుంది, ముక్కలు లోపలికి జారుకుంటాయి, బ్యాక్‌రెస్ట్ వదులవుతుంది. చెయ్యి తీసేస్తే స్ప్రింగు మళ్లీ తన పని తాను చేసుకుంటుంది. అంటే ఎవరూ ముట్టుకోకపోతే సీటు బిగిసే ఉంటుంది, వదలాలంటేనే చెయ్యి కావాలి. పాత సీటు తీరుకు ఇది పూర్తిగా తలకిందులు. భద్రత మొత్తం ఈ తేడాలోనే ఉంది.

ఇలాంటి బిళ్లలు సీటుకు రెండు పక్కలా ఉంటాయి. అడ్డంగా సాగే ఒక కడ్డీ రెండింటినీ ఒకేసారి తిప్పుతుంది. బయట వైపు చుట్టలు చుట్టిన స్ప్రింగు ఒకటి బ్యాక్‌రెస్ట్‌ను ముందుకు తోస్తూ ఉంటుంది కాబట్టి లివరు లాగగానే అది దానంతట అదే వంగుతుంది. రెండు తలుపుల కార్ల సీట్లలో దీనికి ఇంకో అంచె ఉంటుంది. భుజం దగ్గరి మీట నొక్కితే బ్యాక్‌రెస్ట్ ముందుకు వాలుతుంది. కొంత దూరం వాలాక ఒక సన్నటి కేబుల్ బిగుసుకుని కింద సీటు జారే పట్టాల, అంటే రన్నర్ల, లాకును లాగుతుంది. అప్పుడు సీటు మొత్తం ముందుకు జారి, వెనక కాలు పెట్టే చోటు తెరుచుకుంటుంది. ఈ వరస ఊరికే పెట్టింది కాదు. బ్యాక్‌రెస్ట్ నిటారుగా ఉన్నంతసేపూ కేబుల్ వదులుగానే ఉంటుంది, అంటే మనిషి కూర్చుని ఉండగా భుజం మీట దారిలో రన్నర్ లాకు ఊడే అవకాశమే లేదు. ఇంత జాగ్రత్తను ఒక తీగ పొడవు కొలతలో పెట్టిన ఇంజనీరు ఎవరో గానీ, చేతులెత్తి మొక్కాలి.

అందుకే సీటు ఎంపికలో అందం చివర రావాలి. ఇంగ్లండులో చిన్న పాత కార్లకు మాజ్దా ఎమ్‌ఎక్స్-5 సీట్లు వేయడం మామూలు, సన్నగా ఉంటాయని. అయితే అది రెండు సీట్ల కారు. వెనక్కి ఎవరూ వెళ్లరు కాబట్టి దారి ఇచ్చే ఏర్పాటు అందులో ఉండదు. అలాంటి సీటు హెరాల్డ్‌లో వేస్తే కింద వేరే మడత చట్రం కట్టాలి, దానికి మళ్లీ లాకు కట్టాలి. అంత పని నెత్తికెత్తుకునే బదులు, రెండు తలుపుల కారులోంచి వచ్చిన సీటునే వెతకడం మేలు. ఇంకో సంగతి కూడా మేస్త్రి గట్టిగా చెప్పాడు. కొన్ని కొత్త సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగు ఉంటుంది, కొన్నింటి బెల్టు బకిల్‌లో బెల్టును ఒక్కసారిగా లాగే మందుగుండు గొట్టం ఉంటుంది. పసుపు రంగు కనెక్టర్ కనిపించిందంటే ఆ సీటు దగ్గర వెల్డింగు, గ్రైండర్ మాటే వద్దు.

"కొట్లో వంద సీట్లుంటాయి బాబూ, మన బండికి పనికొచ్చేది ఒకటో రెండో" అన్నాడు. హెరాల్డ్ బయటి వెడల్పే 1,524 మిల్లీమీటర్లు. అందులో తలుపుల మందం, సొరంగం, చేతి బ్రేకు పోగా ఒక్కో సీటుకు మిగిలేది కొంచెమే. టేపు పట్టాల్సింది కుషన్ మీద కాదు, రిక్లైనర్ మూతల మీద. సీటులో అన్నిటికన్నా బయటికి వచ్చేవి అవే.

ఇక ఎత్తు. ఈ పనిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఇదే. కొత్త సీటు అడుగున రన్నర్లు, వాటి మీద రేకు తొట్టి, దాని మీద మందపాటి ఫోమ్. పాత గొట్టపు సీటు కంటే ఎత్తు పెరగక తప్పదు. పెరిగితే తల పైకప్పుకు తగులుతుంది, తొడలు స్టీరింగుకు తగులుతాయి, అద్దం పైఅంచు కళ్లకు అడ్డం వస్తుంది. మేస్త్రి యజమానిని పాత సీట్లో కూర్చోబెట్టి, దారానికి ఒక నట్టు కట్టి పైకప్పు నుంచి వేలాడదీశాడు. తుంటి కీలుకు ఎదురుగా తలుపు మీద ఒక గుర్తు, కంటికి ఎదురుగా స్తంభం మీద ఇంకొకటి పెట్టాడు. తర్వాత కొత్త సీటును ఇటుకల మీద నిలిపి, అదే మనిషిని కూర్చోబెట్టి కాసేపు ఆగమన్నాడు, ఫోమ్ అణగాలి కదా. అణిగాక కూడా కన్ను రెండు వేళ్ల ఎత్తులో తేలింది.

సులువైన దారి ఫోమ్ చెక్కేయడం. చాలామంది అదే చేస్తారు. ఈయన ఒప్పుకోలేదు. కుషన్ ముందు అంచు కొంచెం ఎత్తుగా ఉండటానికి కారణం ఉంది. ఢీకొన్నప్పుడు మనిషి నడుము బెల్టు కిందుగా ముందుకు జారిపోకుండా తొడల్ని ఆపేది ఆ ఎత్తే. అది చెక్కితే సీటు మెత్తగా కనిపిస్తూనే పని మానేస్తుంది. ఆయన వెతికిన దారి వేరు. మామూలుగా చట్రం కట్టి దాని మీద రన్నర్లు పెడతారు. ఈయన యాంగ్యులర్ పట్టీలను తిరగేసి, నిలువు అంచు బయటికీ అడుగు అంచు నేలకు ఆనీ ఆననట్టుగానూ ఉంచి, రన్నర్లను ఆ గూట్లోకి దింపాడు. చట్రం ఎత్తు సీటు ఎత్తులో కలవలేదు. ఆ రెండు వేళ్లు అక్కడ తిరిగొచ్చాయి. రన్నర్ అడుగుకూ తివాచీకీ మధ్య సన్నటి సందు మిగిలింది, అంత చాలు.

దీంట్లో ఇంకో కిటుకు ఉంది. కొత్త కార్లలో సీటు ముందు కాళ్లు నేల మీద లేచిన అడ్డదూలం మీద, వెనక కాళ్లు కిందగా ఉంటాయి. సీటు వాలు అలా వస్తుంది. హెరాల్డ్ నేల ఇంచుమించు చదును. ఆ తేడా గమనించకుండా నాలుగు కాళ్లూ ఒకే ఎత్తులో బిగిస్తే సీటు ముక్కు వాలి, గంట ప్రయాణానికే కాళ్లు లాగేస్తాయి. అందుకే ముందు కాళ్ల కింద తగిన మందంలో ఉక్కు ముక్కలు వేసి, రసమట్టంతో వాలు సరిచూసుకున్నాడు.

వెల్డింగు దగ్గర అసలు నైపుణ్యం బయటపడుతుంది. రెండు రన్నర్లూ సమాంతరంగా ఉండాలి. వేడికి ఇనుము ఎటో ఒకవైపు లాగుతుంది, వెంట్రుకవాసి వంకర వచ్చినా సీటు జరగదు. ఆయన రన్నర్లను చట్రానికి ముందే బిగించి, వాటి మధ్య ఒకే కొలతలో కోసిన రెండు పట్టీలు ఇరికించి, అప్పుడు చుక్కలు పెట్టాడు. ఎడమ ముందు ఒక చుక్క, కుడి వెనక ఒక చుక్క, మళ్లీ కుడి ముందు, ఎడమ వెనక. ప్రతి చుక్క తర్వాతా మూలమట్టం ఆనించాడు. పూర్తి కుట్టు వేసేటప్పుడు రన్నర్లు విప్పేశాడు, లోపలి గ్రీజూ ప్లాస్టిక్ గుళ్లూ వేడికి పోకుండా. వాటి చోటు చెదరకుండా ఉక్కు పట్టీలు బిగించి ఉంచాడు. చల్లారాక రన్నర్లు తిరిగి బిగించి ఒక వేలితో తోస్తే సీటు చివరిదాకా జారింది. అంతటితో ఆగలేదు. ముందు లివరు వదిలినప్పుడు ఎడమ, కుడి లాకులు రెండూ ఒకే గంటులో పడ్డాయా అని లైటు వేసి చూశాడు. ఒకటి పడి ఒకటి పంటి దూరంలో ఆగితే చేతికి బిగిసినట్టే అనిపిస్తుంది, బరువంతా మాత్రం ఒక పక్కే మోస్తుంది.

బోల్టుల సంగతి. ట్రయంఫ్ బండ్లలో మరలు అంగుళాల లెక్కవి. ఐదు బై పదహారు అంగుళాల బోల్టు మందం 7.94 మిల్లీమీటర్లు. ఎనిమిది మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టును పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. కానీ మొదటిదానిలో అంగుళానికి 24 మరలు, రెండోదానిలో మరకూ మరకూ దూరం 1.25 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఇరవై చిల్లర. పాత నట్టులో కొత్త బోల్టు రెండు చుట్లు హాయిగా దిగుతుంది, తర్వాత బిగుస్తుంది. బిగిసింది కదా అని స్పానరుతో తిప్పినవాడు మరలను కోసేస్తాడు, ఆ కోత పైకి కనిపించదు. ఈ మేస్త్రి పాత బోల్టులన్నీ ఒక డబ్బాలో, కొత్తవి ఇంకో డబ్బాలో వేరుగా పెట్టుకున్నాడు. ప్రతి బోల్టునూ ముందు చేత్తోనే చివరిదాకా దించాడు. చేత్తో దిగనిదానికి స్పానరు పెట్టలేదు.

పాత కీళ్ల రంధ్రాలు ముందు కాళ్లకు సరిపోయాయి. వెనక మాత్రం కొత్తగా రంధ్రాలు వేయక తప్పలేదు. పాత బండి రేకుకు రంధ్రం పెట్టడం నాకు ఇష్టం లేని పని, అయినా ఇక్కడ మేస్త్రి మాటే సరి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 17వది సీటు 20 జీ త్వరణానికి నిలబడాలంటుంది. అంటే 15 కిలోల ఖాళీ సీటు కూడా ఆ క్షణంలో 300 కిలోల బరువై లాగుతుంది. బెల్టు బకిల్ సీటుకే ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది. 14వ నిబంధన ప్రకారం నడుము పట్టీకీ భుజం పట్టీకీ విడివిడిగా దాదాపు 1,375 కిలోల లాగుడు పెట్టి పరీక్షిస్తారు. పలచటి రేకులోని రంధ్రం దీన్ని ఆపలేదు, బోల్టు తల రేకును చింపుకుని వచ్చేస్తుంది. దీనికి విరుగుడు ప్లేటు. మోటారు పందేల సంస్థ ఎఫ్‌ఐఏ తన నియమాల్లో సీటు బిగించే ప్రతి చోటా కనీసం 40 చదరపు సెంటీమీటర్ల ఆనిక, 3 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటు, 8 మిల్లీమీటర్ల బోల్టు అడుగుతుంది. మన బండి పందెం బండి కాకపోయినా ఆ కొలత పట్టుకోవడంలో నష్టం లేదు. ఇక్కడ కింద వేసిన ప్లేట్ల మూలలు గుండ్రంగా ఆకురాయితో అరగదీశాడు, పదును మూల రేకును కోస్తుందని. ప్లేటుకూ రేకుకూ మధ్య నీళ్లు నిలవకుండా సీలర్ పూశాడు.

బెల్టును మాత్రం సీటుకు వేలాడదీయలేదు. మన దేశంలో ముందు సీట్లకు బెల్టులు తప్పనిసరి అయింది 1994లో, ఈ బండి అంతకు చాలా ముందుది. అందుకని బెల్టు కొక్కేలకు వేరే చోట్లు చూసి, వాటికీ వేరే ప్లేట్లు వేసి, సీటు తన బరువు తాను మోస్తే చాలన్నట్టు చేశాడు. నా ఉద్దేశంలో ఈ మొత్తం పనిలో మెచ్చుకోదగ్గ నిర్ణయం ఇదే. పలచటి నేల మీద అడిగే భారాన్ని తగ్గించాడు.

చివరికి బట్ట. నల్లటి స్పోర్ట్స్ సీట్లు ఎర్ర కుట్లతో హెరాల్డ్‌లో మెరుస్తుంటే నాకు నచ్చదు. పాత సీటు తొడుగును కుట్టు కుట్టుగా విప్పి, ముక్కల మీద గుర్తులు పెట్టి, దాని నిలువు మడతల వెడల్పు కొలిచి, అదే కొలతలో రెగ్జిన్ మీద స్పాంజి పరిచి కుట్టారు. అంచుల్లో పాతదానిలాగే పైపింగ్. భుజం మీట దగ్గర ఒక్కచోట తొడుగుకు అదనపు వదులు ఇచ్చారు. అక్కడ బిగుతుగా లాగితే లోపలి కేబుల్ నొక్కుకుపోయి, మీట నొక్కకుండానే రిక్లైనర్ లాకు సగం లేచి ఉంటుందట. కుట్టుపని చేసే మనిషికి లోపలి యంత్రం తెలిసి ఉండటం అంటే ఇది.

మీ ఇంట్లో ఇలాంటి బండి ఉంటే రెండు మాటలు. 2021లో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపు దక్కేది మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్‌కీ బాడీకీ ఇంజనుకీ చెప్పుకోదగ్గ మార్పులు చేయని బండ్లకు. కాబట్టి నేల రేకును కోసి కొత్త దిమ్మెలు వెల్డింగు చేస్తానన్నవాడికి బండి ఇవ్వకండి. బోల్టు విప్పితే ఊడొచ్చే చట్రం కట్టించండి. రెండోది, పాత సీట్లు అమ్మకండి. శుభ్రం చేసి, కీళ్లకు నూనె రాసి, వాటి బోల్టులు ఒక సంచిలో వేసి సీటుకే కట్టి, తడి తగలనిచోట దాచండి. స్టాండర్డ్ కంపెనీ మూతపడి మూడు దశాబ్దాలు దాటింది, ఆ సీట్లు మళ్లీ ఎవరూ తయారుచేయరు.